రెండో ప్రకటన

"నా తువ్వాలు మీద ఈ మరకేటి?"

జ్ఞానానందం మాస్టారు పెరట్లో బట్టల తీగ ముందు నిలబడి అడిగారు. ఆదివారం ఆరాధనకు భుజాన వేసుకువెళ్ళే తెల్ల తువ్వాలు అది. అంచున అరచేతి వెడల్పున గోధుమరంగు మరక. సబ్బుకు సగం పోయి సగం మిగిలింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మిమ్మల్నే. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఒక్కరికీ నోరు లేదా?"

"టీ మరకై ఉంటాది లెండి," అంది ఆయన భార్య జ్ఞానసుందరి వంటింట్లోంచి, చూడకుండానే.

"టీ మరకకి సెంటు వాసన వస్తాదా?"

ఆయన తువ్వాలు లాగి, మెట్టు మీద కూర్చుని చింతచిగురు ఏరుతున్న కోడలు రూబీ ముందు పట్టారు.

"ఈ రంగులూ పూతలూ మన ఇంట్లో వద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? పోయిన నెల చర్చి గుమ్మంలో చెప్పాను. మళ్ళీ ఇదా?"

పోయిన నెల చర్చి గుమ్మంలో, లోపలికి వెళ్ళేవాళ్ళంతా చూస్తుండగా, ఆయన రూబీ చేత పెదాల రంగు తుడిపించారు. సంఘ పెద్ద ఇంటి కోడలు అలా రాకూడదన్నారు. పెళ్ళై ఏడాది కాని పిల్ల, ఆ ఎర్ర మరక పడిన చేతిరుమాలు ఉతక్కుండా మడిచి దాచుకుంది. ఎందుకు దాచుకుందో పలాసలో రైల్వే డ్యూటీ చేసుకుంటున్న మొగుడు పాల్‌కి కూడా చెప్పలేదు.

"నాది కాదు మావయ్యా."

"మరెవరిది? ఈ ఇంట్లో పూసుకునేది నువ్వు కాక ఇంకెవరు?"

రూబీ చేతిలో రెబ్బ ఆగింది. తలెత్తి మావగారిని చూసింది. తరువాత ఆయన వెనకాల ఉన్న గది కిటికీని చూసింది.

"నాను సెప్పాలేటి మావయ్యా? మీకు తెల్దేటి?"

కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టలేదు.

"నాదే నాన్నా," అంటూ కృపారాణి గుమ్మంలోకి వచ్చింది. "నిన్న కంగారులో చేతికందిన దాంతో తుడుచుకున్నాను."

సగం ముఖానికి క్రీము పట్టించి ఉంది. సగానికి ఇంకా కాలేదు. పూత లేని ఎడమవైపు, పెదవి మూల నుంచి చెంప మీదకు తెల్లమచ్చ పాకి ఉంది.

మాస్టారు కూతురి ముఖం చూడలేదు. తువ్వాలు చూశారు.

"సరే. నానబెట్టు," అని, దాన్ని మెట్టు మీద పడేసి వీధి వసారాలోకి వెళ్ళిపోయారు.

రూబీ లేచి కుళాయి కట్టింది. "నా పెదాలికి రాస్తే పాపం. నీ మొగానికి రాస్తే పెళ్ళి. బాగున్నాది వదినా, మీ నాన్నగారి పద్ధతి."

కృపారాణి మెట్టు మీది తువ్వాలు తీసి బకెట్టులో నానేసింది.

* * *

"కదలకు. మెడ ఎత్తు."

జ్ఞానసుందరి తన పెళ్ళికి కూడా పౌడరు రాసుకోని మనిషి. ఇప్పుడు స్పాంజి ముక్కతో అద్ది, ఉంగరపు వేలి కొసతో అంచులు కలపడం పార్లరు వాళ్ళకు నేర్పేంతగా వచ్చింది. ట్యూబులు పాత బిస్కెట్ల డబ్బాలో, దుప్పట్ల వెనక ఉంటాయి. ఆమదాలవలసలో కొంటే సంఘ పెద్ద భార్య ఏం కొన్నదో సాయంత్రానికి చర్చి మొత్తానికి తెలుస్తుంది. అందుకని ఆవిడ బస్సెక్కి రాజాం వెళ్ళి ఫ్యాన్సీ షాపులో కొనుక్కొస్తుంది.

గత ఆదివారం కృపారాణికీ విజయనగరం స్టాన్లీకీ పెళ్ళి మొదటి ప్రకటన చర్చిలో చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని, పెళ్ళికి ముందు ఇంకా రెండు ఆదివారాలు చదవాలి. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న చప్పుడైతే చాలు, జ్ఞానసుందరి లేచి వెళ్ళి ముందు గది తలుపు జేరవేస్తుంది, లేదా కూతుర్ని లోపలికి తోస్తుంది. అందుకే ఈ వారం రోజులుగా లేచింది మొదలు పడుకునేదాకా పూత. పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్తే మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు. ఇవాళ రెండో శనివారం, సెలవు. అయినా తప్పలేదు.

"అమ్మా, నిన్ను సూసుకోడానికి వచ్చిన రోజు నాన్న మొగానికి ఏటైనా రాసుకొచ్చారా?"

"మగోళ్ళేటి రాసుకుంటారే. పిచ్చి ప్రశ్నా నువ్వూను."

మాస్టారికి అదే మచ్చ ముప్పయ్యేళ్ళ పైనుంచి ఉంది. రెండు పెదవులూ తెలుపే. చేతులు మోచేతుల దాకా తెలుపే. ఆ చేతులతోనే సుద్దముక్క పట్టి పాఠాలు చెప్పారు. ఆ పెదవులతోనే ప్రతి ఆదివారం చర్చిలో ప్రకటనలు చదువుతారు. ఆయన్ని మాస్టారూ అని తప్ప ఇంకో మాట అన్నవాళ్ళు లేరు.

"మరి నువ్వేటన్నావు?"

"నన్నెవులడిగారు? మా యమ్మ సెప్పింది. ఉజ్జోగం ఉన్నాది, భక్తి ఉన్నాది, మగోడికి మచ్చేటి అన్నాది."

"నాకూ ఉద్యోగం ఉన్నాది. భక్తీ ఉన్నాది."

స్పాంజి ముక్క ఆగింది.

"నువ్వు ఆడపిల్లవి."

"అదే అడుగుతన్నాను."

"నోరు ముయ్యి, మూల దగ్గర గీత పడతాది." జ్ఞానసుందరి మళ్ళీ అద్దసాగింది. కాసేపటికి గొంతు తగ్గించి, "పెళ్ళైపోనీ. తరవాత నెమ్మదిగా సెప్పుకోవచ్చు," అంది.

"పెళ్ళైన మర్నాడు పొద్దున్న మొగం కడుక్కుంటాను కదమ్మా. నెమ్మదిగా ఎలాగ సెప్తాను?"

మంచం మీద ఫోను మోగింది. ఆవిడ వేళ్ళనిండా క్రీము. కృపారాణే స్పీకరు నొక్కింది.

"వదినగారూ, నేనండీ, సువార్తమ్మని." స్టాన్లీ తల్లి. "కొలతకని మీరు పంపిన ఆది జాకెట్టు అందిందండీ. కానీ ఈ ఎండల్లో పెళ్ళి పెట్టుకుని మణికట్టు దాకా చేతులేటండీ? పిల్ల ఉడికిపోతాది. మోచేతి పైకి కుట్టమని టైలరుకి సెప్పేస్తన్నాను."

కృపారాణి కుడి మోచేతి మీద అరచేతంత మచ్చ ఉంది. తల్లీకూతుళ్ళిద్దరూ దాన్నే చూశారు.

"వద్దండీ వదినగారూ!" జ్ఞానసుందరి గొంతు లేచిపోయింది. వెంటనే తగ్గించుకుంది. "అంటే... మా ఆయన సంఘ పెద్ద కదండీ. మా ఇంట్లో ఆడపిల్లలు చేతులు కనపడేలాగ వేసుకోరు. అణకువగా ఉండాలని ఆయన పట్టుదల."

"అలాగా!"

"అవునండీ. మొగానికి పౌడరు కూడా రాయదు మా పిల్ల."

అంటూ వేళ్ళకున్న క్రీము చీర కుచ్చిళ్ళకు రాసేసుకుంది.

అవతల సువార్తమ్మగారి గొంతు సంతోషంతో పొంగింది. "ఎంత మంచి మాట చెప్పారండీ! ఈ కాలంలో ఇలాంటి పిల్లా! మా చర్చిలో ఆడపిల్లల మొహాలు చూడలేకపోతున్నాం. రేపు రెండో ప్రకటన వినడానికి మా స్త్రీల సమాజంలోంచి నలుగుర్ని వెంటబెట్టుకొస్తున్నాను. స్టాన్లీ కూడా వస్తన్నాడు. ఆరాధన అయ్యాక మన కృపారాణి చేత ఓ పది నిమిషాలు మాట్లాడిద్దాం. అలంకారం గురించి. వాళ్ళు విని నేర్చుకుంటారు."

"అబ్బే, దానికి నలుగుర్లో మాటాడ్డం..."

"కాలేజీలో పాఠాలు చెప్పే పిల్లకి మాట్లాడ్డం రాదేటండీ? పొద్దున్న రైలుకే దిగుతాం. ఉంటాను మరి."

ఫోను ఆగింది. జ్ఞానసుందరి మంచం పట్టె మీద కూలబడింది.

కృపారాణి నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటిసారి. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నవ్వకే. కారిపోతాది," అంది తల్లి, అలవాటుగా.

* * *

స్పీకరు మాటలు వసారాలోకి వినపడ్డాయి. మాస్టారికి ముచ్చటేసింది. భార్య ఆడిన అబద్ధం ఆయన చెవిన పడిందో లేదో ఆయనకే తెలియాలి. గీతల కాగితం తీసుకుని, గంటసేపు కొట్టేస్తూ రాస్తూ కూతురికి ప్రసంగం తయారుచేశారు. పన్నెండు కావస్తుండగా పిలిచారు.

"ఇదిగో. పది నిమిషాలకి సరిపోతాది. ఒకసారి బయటికి చదువు, తప్పులుంటే దిద్దుతాను."

గుండ్రటి అక్షరాలు. హెడ్మాస్టరు చేతిరాత. కృపారాణి నిలబడే చదివింది. నాలుగో వాక్యం దగ్గర ఆగింది.

"'ముఖమునకు పూసుకొను రంగు ఎదుటివారితో ఆడు అబద్ధము వంటిది.' ఇది నువ్వే రాసావా నాన్నా?"

"నేనే. బాగులేదా?"

"బాగున్నాది. రూబీ కోసం రాసావా?"

"అందరి కోసం."

"నా కోసం కూడానా?"

ఆయన కాగితం కోసం చెయ్యి చాచారు. ఆమె ఇవ్వలేదు.

"నీది వేరు," అన్నారాయన. "నీది సోకు కాదు. మందులాంటిది."

"డాక్టరు రాసివ్వలేదు నాన్నా. అంటుకోదు, బాధ లేదు, నీకు ఇబ్బంది లేకపోతే వదిలెయ్యమన్నాడాయన. ఈ మందు రాజాం ఫ్యాన్సీ షాపుది."

"కృపా, నువ్వు చదువుకున్నదానివి. లోకం మగవాణ్ణి ఒకలా చూస్తాది, ఆడదాన్ని ఒకలా చూస్తాది. ఆ పద్ధతి నేను పెట్టలేదు."

"పెట్టలేదు. నడిపిస్తన్నావు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోబోయారు. భుజం మీద చెయ్యి వేశారు. తువ్వాలు లేదు. చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నిన్ను కాపాడుకోవాలనే తల్లీ."

"ఎవర్నుంచి నాన్నా? నిన్నెవరు కాపాడారు?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వీధిలోకి చూశారు. కృపారాణి కాగితం నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్ళింది.

పెరట్లో రూబీ తువ్వాలు నానబెట్టిన బకెట్టు ముందు కూర్చుని ఉంది. మరక మీద నిమ్మచెక్క రుద్దుతోంది. ఆమెది కాని మరక.

"ఇలా ఇయ్యి. నాను ఉతుకుతాను," అంది కృపారాణి.

"పోన్లే వదినా, అయిపోయింది." రూబీ తలెత్తకుండానే అడిగింది. "స్టాన్లీ అన్నయ్యకి సెప్పావా?"

"మూడుసార్లు ఫోన్లో మొదలెట్టాను. మూడుసార్లూ మీ ఊళ్ళో ఎండ ఎలాగున్నాదని అడిగి పెట్టేసాను."

రూబీకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "వద్దంటాడని భయమేటి?"

"వద్దంటే వద్దంటాడు. అది కాదు. 'పర్వాలేదు కృపా, మా అమ్మకి మాత్రం తెలీనీకు' అంటాడేమోనని. అప్పుడు ఈ డబ్బా నాతోపాటు విజీనారం వస్తాది. రోజూ నాను లేచి, వాళ్ళు లేవకముందే..."

మాట పూర్తి చెయ్యలేదు. కుళాయి తిప్పింది. దోసిలితో నీళ్ళు పట్టి ముఖం మీద కొట్టుకుంది. తరువాత సబ్బు తీసుకుంది. తల్లి గంటసేపు పడిన కష్టం గోధుమరంగు నీళ్ళై గచ్చు మీదుగా అరటి పాదులోకి పోయింది.

తుడుచుకోవడానికి చెయ్యి చాచింది. రూబీ లోపలికి వెళ్ళి మడత పెట్టిన చేతిరుమాలు తెచ్చి ఇచ్చింది. ఎర్ర మరకది. కృపారాణి దాన్ని ఒక్క క్షణం చూసి, దాంతోనే చెవుల దగ్గర మిగిలిన క్రీము తుడుచుకుంది.

"నీది ఆ సగం చేతుల చుడీదారు ఉన్నాది కదా. పసుపుది. అదోసారి ఇయ్యి."

"మావయ్య ఇంట్లో ఉన్నారు వదినా."

"ఉన్నారనే."

* * *

ఒంటిగంటకు అన్నాలు. చింతచిగురు, పచ్చిరొయ్యల కూర గిన్నె మధ్యలో పెట్టింది జ్ఞానసుందరి. మాస్టారికి ఇష్టమైన కూర. పొద్దున్నటి గొడవ మీద ఒక మూత వెయ్యాలని ఆవిడ ఆలోచన.

"కృప ఏదీ?"

"వస్తాది. మీరు ప్రార్థన సెయ్యండి, సల్లారిపోతాది."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. జ్ఞానసుందరి ముసుగు లాక్కుని కళ్ళు మూసుకుంది. రూబీ మూసుకోలేదు.

భోజనం కోసం, పలాసలో ఉన్న కొడుకు కోసం, రేపు చదవబోయే రెండో ప్రకటన కోసం, వచ్చే చుట్టాల కోసం మాస్టారు ప్రార్థించారు. "మా బిడ్డ నోట సత్యమైన మాటలు ఉంచుము," అన్నారు. ఆ మాట దగ్గర కొంచెం తడబడ్డారు. ఆమేన్ అన్నారు.

కళ్ళు తెరిచేసరికి కూతురు ఎదురుగా కూర్చుని ఉంది.

కడిగిన ముఖం. చెంప మీద మచ్చ, కంటి కింద చిన్నది ఇంకోటి, పెదవి మూల తెలుపు. మోచేతుల పైదాకా ఖాళీ చేతులు. ఆయన ఆ ముఖాన్ని ఇంత దగ్గరగా చూసి ఎన్ని నెలలైందో లెక్కలేదు. అద్దంలో చూసుకున్నట్టు ఆయన చెయ్యి తన పెదవి మీదకు వెళ్ళింది.

"ఓలమ్మ, వీధి తలుపు!" జ్ఞానసుందరి గరిటె వదిలి లేవబోయింది.

"తెరిచే ఉంచమ్మా. గాలి వస్తాది."

"ఎవులైనా వస్తే?"

"వస్తే అన్నం పెడదాం. కూర్చో."

ఆవిడ సగం లేచి, సగం కూర్చుని ఉండిపోయింది. రూబీ అత్తగారి చేతిలోంచి జారిన గరిటె తీసుకుని వడ్డించడం మొదలుపెట్టింది. కృపారాణి కంచంలో ముందు వేసింది.

మాస్టారు పెదవి మీంచి చెయ్యి తీశారు. "ఏటిది కృపా?"

"సత్యమైన మాటలు చెప్పమని ఇప్పుడే కదా ప్రార్థన చేసావు." ఆమె మడత కాగితం తీసి కంచం పక్కన పెట్టింది. "రేపు మాట్లాడతాను నాన్నా. సువార్తమ్మగారు అడిగినట్టే, పది నిమిషాలు. నువ్వు రాసింది ఒక్క అక్షరం మార్చకుండా చదువుతాను. కానీ ఇలాగే వెళ్తాను. ఈ మొహంతో, ఈ చేతుల్తో."

"వాళ్ళు ఏటనుకుంటారే!" జ్ఞానసుందరి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పొద్దున్నే కదే నాను ఫోన్లో..."

"పౌడరు కూడా రాయదని చెప్పావు. రేపటినుంచి అది నిజం. నీ మాట నిలబెడతన్నానమ్మా."

రూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుకో, నవ్వుకో!" అత్తగారు కోడలి మీద విరుచుకుపడింది. "నీ బట్టలే కదే అవి! నువ్వే ఎక్కించావు దీన్ని!"

"వదినకి నాను ఎక్కించాలేటి అత్తా? మీ కూతురు."

"వాళ్ళు లేచి వెళ్ళిపోతే?" మాస్టారు అడిగారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. "చర్చిలో, అందరి ముందూ, వాళ్ళు లేచి వెళ్ళిపోతే నువ్వు తట్టుకోగలవా?"

కృపారాణి వేళ్ళు అన్నంలో ఆగాయి. పొద్దున్నుంచీ ఆమె తనను తాను అడుక్కుంటున్న ప్రశ్నే అది.

"తెలీదు నాన్నా," అంది. "కానీ రోజూ పొద్దున్నే అమ్మ ముందు మెడ ఎత్తి కూర్చోడం తట్టుకోలేను. అది తెలుసు."

"ముందు స్టాన్లీతో ఒక్కమాట చెప్పి..."

"అందరితోపాటే చూస్తాడు. అప్పుడు అతను ఏ మాట అన్నా అందరి ముందే అనాలి. చాటుగా సర్దుకోడానికి ఉండదు."

"మూడో ప్రకటన దాకా ఆగరాదా? ఒక్క వారం."

"ఆగను."

ఆ మాట పెద్దగా అనలేదు. అయినా రూబీ గరిటె ఆగింది.

"రేపు నువ్వు ప్రకటన చదివేటప్పుడు నేను ముందు వరసలో కూర్చుంటాను," అంది కృపారాణి. "'వీరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను' అని ఉంటాది కదా. పోయిన వారం తల దించుకుని గబగబా చదివేసావు. రేపు అలా వద్దు. అక్కడికి వచ్చేసరికి ఆగి, తలెత్తి, నన్ను చూసి చదువు నాన్నా. అభ్యంతరం ఉన్నవాళ్ళకి కూడా నేను సరిగ్గా కనపడాలి."

మాస్టారి తెల్లని వేళ్ళ మధ్య ముద్ద అలాగే ఉంది.

వీధి గుమ్మంలో ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది.

జ్ఞానసుందరి తలుపు వైపు చూసింది. కూతురి వైపు చూసింది. ఈసారి లేవలేదు.